శాశ్వతమను పేరుగల గడియారము

2016వ సంవత్సరము నవంబరు మాసమున జినీవా నగరములో నొక చేతి గడియారము వేలమునకు వచ్చినది. దాని పెట్టె బంగారముతో చేసినది కాదు, ప్లాటినముతో చేసినదియు కాదు. అది త్రుప్పు పట్టని యుక్కుతో, అనగా నేడు మన వంటయిండ్ల గిన్నెలకు వాడు లోహము వంటి దానితోనే చేయబడినది. దానికి పలికిన వెల 1,10,02,000 స్విస్ ఫ్రాంకులు. అంతకు ముందెన్నడును వేలములో నే చేతి గడియారమునకును అంత వెల వచ్చి యుండలేదు. అది పటేక్ ఫిలిప్ సంస్థవారు 1941లో ఆరంభించిన 1518 అను సంఖ్యగల తరగతిలోనిది.

ఇట్టి వార్త విన్నప్పుడు గృహస్థులమగు మనకు మొదట తోచునది, ఇది ధనవంతుల వెఱ్ఱి యని. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. కాని యంతటితో పుస్తకము మూసినచో, ఆ యుక్కు పెట్టెలో నిమిడి యున్న మనుష్యబుద్ధిని మనము చూడకయే పోవుదుము. ఆ గడియారము గంటలు నిమిషములు మాత్రమే చెప్పునది కాదు. వారమును, తేదీని, మాసమును, చంద్రకళను గూడ చూపును. నెలకు ముప్పది దినములో, ముప్పదియొక్కటియో తానే యెఱుగును. ఫిబ్రవరికి 28 దినములు వచ్చు నేడేదో, 29 వచ్చు నేడేదో యెవరును చెప్పకయే గ్రహించును. ఇట్టి యేర్పాటునకు శాశ్వత క్యాలెండరు అని పేరు. ఈ పేరులోని "శాశ్వత" మను మాట యెంతవరకు నిజమో విచారించుటయే మా యుద్దేశము.

ముందుగా లెక్క సంగతి. దినములను లెక్కించుట సులభమే గాని, సంవత్సరమును దినములతో కొలువబోయినచో లెక్క సరిగా తెగదు. ఋతువులు మఱల మొదటికి వచ్చుటకు 365 దినములును, ఆఱు గంటలకు కొంచెము తక్కువ కాలమును పట్టును. చాంద్రమానమునకును సౌరమానమునకును నడుమ బడు నెడమును మన పెద్దలు అధికమాసముతో పూడ్చిరి. పాశ్చాత్యులు తమ లెక్కలోని కొఱతను ఒక యధిక దినముతో పూడ్చిరి. జూలియస్ సీజరు క్రీస్తునకు పూర్వము 45వ సంవత్సరము నుండి నడపించిన పద్ధతిలో నాలుగేండ్ల కొకమాఱు ఒక దినము కలుపబడెను. ఆ లెక్కలో ఏటికి సుమారు 11 నిమిషములు ఎక్కువ పడినవి. పదునొకండు నిమిషము లనగా నెవరికి పట్టును? కాని శతాబ్దములు గడచిన కొలది నవియే దినములై, పండుగలు ఋతువుల నుండి జాఱిపోసాగెను. 1582లో పోపు 13వ గ్రెగరీ, అక్టోబరు 4వ తేదీకి మఱునాడు 15వ తేదీ యని శాసించి, పది దినములను లెక్క నుండి తీసివైచెను. శతాబ్దముతో ముగియు సంవత్సరములలో 400 చేత నిశ్శేషముగా భాగింపబడునవి మాత్రమే యికమీదట లీపు సంవత్సరము లగునని నియమించెను. కావున 1700, 1800, 1900 లీపు సంవత్సరములు కాలేదు, 2000 అయినది, 2100 కాబోదు. చదువరులు ఈ 2100 సంగతిని జ్ఞాపకముంచుకొందురు గాక. మఱల దాని పని పడును.

ఇంగ్లండువారు ఈ సంస్కరణమును 1752 దాక నంగీకరింపలేదు. అంగీకరించిన యేట సెప్టెంబరు 2వ తేదీకి మఱునాడు వారికి 14వ తేదీ యయ్యెను. తరువాత పదియేండ్లకు, 1762లో, లండనులో థామస్ మడ్జి యను గడియారపు పనివాడు శాశ్వత క్యాలెండరు గల జేబు గడియారమును చేసెను. ఒక దేశమంతయు క్రొత్త లెక్కను నేర్చుకొనుచున్న కాలమున, ఒక శిల్పి యా లెక్కను ఇత్తడి చక్రములకు నేర్పినాడన్నమాట.

ఇత్తడికి లెక్క నేర్పుట యెట్లు? ఇది మన పిల్లలెఱిగిన యుపాయమే. ఏ నెలకు ఎన్ని దినములో తెలియుటకు వారు పిడికిలి మడచి, వ్రేళ్ల కణుపుల మీదను, కణుపుల నడుమ పల్లముల మీదను నెలల పేర్లు చెప్పుకొందురు. కణుపు మీద బడిన నెలకు 31 దినములు, పల్లమున బడిన దానికి 30. ఫిబ్రవరి మాత్రము వేఱు. శాశ్వత క్యాలెండరు గడియారములోని ముఖ్యచక్రము ఇట్టి పిడికిలియే. అది నాలుగేండ్లకు ఒక్క చుట్టు మాత్రమే తిరుగును. దాని యంచున 48 మాసములకు 48 స్థానము లుండును. వానిలో 31 దినముల మాసములు 28. అచ్చట నంచు ఎత్తుగా నుండును. 30 దినముల మాసములు 16, అచ్చట గంట్లుండును. 28 దినముల ఫిబ్రవరులు మూడు. అచ్చట గంట్లు మిక్కిలి లోతు. 29 దినముల ఫిబ్రవరి యొకటి. అచ్చటి లోతు కొంచెము తక్కువ. ఒక మీట తన కొనతో నీ యంచును, అంధులు చుక్కల లిపిని వ్రేళ్లతో చదువునట్లు, తడవి చూచుచుండును. మాసాంతమున గంటు లోతును బట్టి యామీట తేదీ చక్రమును ఒకటో, రెండో, మూడో దినము లెక్కువగా ముందునకు నెట్టి, ఒకటవ తేదీని తెచ్చి నిలుపును. కొన్ని గడియారములలో 48 స్థానముల చక్రమునకు మాఱుగా 12 మాసముల చక్రమును, దానిమీద ఫిబ్రవరి కొఱకు నొక చిన్న యుపచక్రమును ఉండును. యుక్తి మాత్ర మొక్కటియే.

ఇదంతయు డయలు క్రింద దాగి యుండును. ధరించినవాని కంటికి మీటయు కనబడదు, గంటును కనబడదు. 1,461 దినములలో మూడు దినములు మాత్రమే యుపయోగించు నొక గంటు లోతును సరిగా నాకురాయుటకు ఒకానొక పనివాడు తన చూపును ధారపోసి యుండును.

ఆ పనివారి దేశచరిత్రయు నెఱుగదగినదే. పదునాఱవ శతాబ్దమున జినీవాలో కాల్విను మత సంస్కరణము బలపడినప్పుడు ఆడంబరపు టాభరణములపై నిషేధములు కలిగెను. కంసాలుల పనికి దెబ్బ తగిలినది. ఫ్రాన్సు నుండి మతహింసకు తాళలేక వచ్చిన కాందిశీకులలో గడియారపు పని యెఱిగినవా రుండిరి. సొగసుకై కాక యుపయోగమునకై చేయు వస్తువగుటచే గడియారమునకు నిషేధము తగులలేదు. కంసాలి చేతి నేర్పు గడియారములోనికి ప్రవేశించెను. 1601 నాటికే యచ్చట గడియారపు పనివారి శ్రేణి యేర్పడినది. జినీవాకు ఉత్తరమున జూరా పర్వతములలో వాలే ద జూ యను లోయ కలదు. అచ్చట శీతకాలము దీర్ఘము; పొలము పనులు సాగవు. రైతులు కిటికీల ప్రక్కను బల్లలు వైచుకొని చక్రములు, మీటలు చేయుచు ఆ నెలలు గడుపుచుండెడివారు. ప్రపంచమున క్లిష్టతమములగు గడియారముల లోపలి పని పెక్కు తరములుగా ఆ లోయవారిదే. డయలు మీద మాత్రము నగరములోని వర్తకుని పేరుండును.

పటేక్ ఫిలిప్ సంస్థ యుద్భవమును కాందిశీకుల కథయే. పోలండులో 1830-31 నాటి తిరుగుబాటు విఫలమైన పిమ్మట దేశము విడిచిన ఆంటోని పటేక్ 1839లో జినీవాలో వ్యాపారము పెట్టెను. తరువాత ఆద్రియెన్ ఫిలిప్ అను ఫ్రెంచి శిల్పి యాతనితో కలిసెను. తాళపుచెవి యక్కఱలేకుండ తలమీది గుండీని త్రిప్పి గడియారమునకు కీ యిచ్చు పద్ధతిని కనిపెట్టినవారిలో నీతడు ముఖ్యుడు. 1851 నుండి సంస్థకు వారిరువురి పేర్లును నిలిచినవి.

ఇచ్చట మా చదువరులలో స్త్రీలకు విశేషముగా రుచించు నొక సంగతి కలదు. 1898లో ఈ సంస్థవారు 97,975 సంఖ్యగల యొక చిన్న యంత్రమును చేసిరి. అందు శాశ్వత క్యాలెండ రున్నది. అది స్త్రీలు కంఠమున పతకమువలె వ్రేలాడదీసికొను గడియారమునకై చేయబడినది. అది యప్పుడు విక్రయింపబడలేదు. ఇరువదియేడేండ్లు గడచిన తరువాత, 1925లో, ఆ యంత్రమునే చేతి గడియారపు పెట్టెలో నమర్చిరి. 1927లో దానిని థామస్ ఎమరీ యను అమెరికా దేశస్థుడు కొనెను. పటేక్ ఫిలిప్ చరిత్రలో శాశ్వత క్యాలెండరు గల మొదటి చేతి గడియార మిదియే. నేడు జినీవాలోని ఆ సంస్థ ప్రదర్శనశాలలో నున్నది.

ఈ కథలోని యర్థమును గమనింపుడు. పంతొమ్మిదవ శతాబ్దమున యూరపులో చేతి గడియారము స్త్రీల కంకణముగా నెంచబడెను. పురుషుడు దానిని ధరించుట నవ్వుబాటు. ఈ సంస్థవారే 1868లో హంగేరీ దేశపు ప్రభ్వి యొకతెకు కంకణ గడియారము చేసి యిచ్చిరి. 1914లో మహాయుద్ధము రాగా, కందకములలో నున్న సైనికునికి జేబు తడవుకొను తీఱిక లేకపోయెను. నిన్నటి దాక ఆడువారి సొమ్మని యెగతాళి చేసినది ప్రాణావసరమై మగవాని మణికట్టున కెక్కినది. స్త్రీకై కల్పింపబడి, కొనువారు లేక యఱలో పడియుండిన సూక్ష్మయంత్రము, పురుషుని యభిరుచి మాఱిన పిదప ఘనత వహించెను. ఒక వస్తువునకు యోగ్యత చాలదని తీర్పు చెప్పు వేళ, అది యెవరికై చేయబడినదను తలంపు మన తీర్పును ఎంతగా వంచుచున్నదో యిట్టి నిదర్శనములు బోధించును.

1929 తరువాత ప్రపంచమంతట వర్తకము క్షీణించినది. ఆ కష్టకాలమున, 1932లో, ఈ సంస్థను స్టెర్న్ సోదరులు కొనిరి. వారు ధనికులగు కొత్తవారు కారు. సంస్థకు డయళ్లు చేసి యిచ్చుచుండినవారే. ముఖమును చేయువారు దేహమును పోషింప బూనిరన్నమాట. తొమ్మిదేండ్లకు, 1941లో, చుట్టును యుద్ధాగ్ని మండుచుండగా తటస్థముగ నున్న స్విట్జర్లండు నుండి రెండు క్రొత్త తరగతులు వెలువడినవి. 1526 సంఖ్యగలది శాశ్వత క్యాలెండరు గల చేతి గడియారము. 1518 సంఖ్యగల దానిలో శాశ్వత క్యాలెండరుతోపాటు, పరుగు పందెములలో క్షణములు కొలుచుటకు పనికివచ్చు క్రొనోగ్రాఫును ఉన్నది. ఈ రెండు విద్యలను ఒక చేతి గడియారములో చేర్చి, ఒకటి రెండు గాక వరుసగా చేసి యమ్మినది ఇదియే మొదటిది. 1518 తరగతిలో తయారైనవి మొత్తము 281. దాదాపు అన్నియు బంగారపువే. ఉక్కు పెట్టె గలవి నాలుగు మాత్రమే నేటికి తెలిసినవి. దాని తరువాత వచ్చిన 2499 తరగతి 1951 నుండి 1985 వఱకు ముప్పదినాలుగు సంవత్సరములు నడచినను, చేసినవి 349 మాత్రమే. అనగా ఏటికి పది. ఒక గ్రామపు కమ్మరి ఏటికి చేయు నాగళ్ల కంటె తక్కువ.

ఇప్పుడు వెల సంగతి. బంగారమునకు లేని గౌరవము ఉక్కునకేల కలిగెను? అది దొరకనిదగుటచే. నాలుగే యుండుటచే, నాలుగిటికై పోటీ. ఇందు శిల్పమునకు సంబంధ మేమియు లేదు. బంగారపు పెట్టెలోని గంట్ల లోతును, ఉక్కు పెట్టెలోని గంట్ల లోతును ఒక్కటియే. అయినను సేకర్తలను కేవలము నిందించుట న్యాయము కాదు. వారిలో నుత్తములు భూతద్దము పట్టి చూచునది లోహమును కాదు. డయలు మీది యక్షరములు చెక్కి, ఆ గాడులలో గాజువంటి యెనామిలు కరగించి నింపినవి. ఎవడైనను తెలియక డయలును గట్టిగా రాచి శుభ్రపఱచినచో ఆ యక్షరములు పలుచనగును. పెట్టెను మెఱుగు పెట్టినచో మొదటి పనివాడు తీర్చిన యంచులు మొద్దుబాఱును. కావున క్రొత్తదానివలె మెఱయు పాతదాని కంటె, వన్నె మాసినను చేయి పడనిదానికే వారు ఎక్కువ విలువ కట్టుదురు. పాత గుడి గోడలకు సున్నము కొట్టి, శిల్పములను పూడ్చి, బాగుచేసితిమని సంతోషించు మనకు ఇది నేర్వదగిన పాఠము.

కాని సేకరణములో నొక దోషము కలదు. అది ఈ గడియారము పేరునే వెక్కిరించునది. 1518 గడియారము ధరించువాడు ప్రతిదినము కీ యిచ్చినచో నడచును. ఒకటి రెండు దినములు మానినచో నిలిచిపోవును. నిలిచినప్పుడు గంటలు మాత్రమే గాక, వారము, తేదీ, మాసము, చంద్రుడు అన్నియు నిలిచిపోవును. సామాన్య గడియారము నిలిచినచో ముల్లు త్రిప్పి సరిచేసికొందుము. దీనికి పెట్టె ప్రక్కనున్న సన్నని మీటలను సూది మొనవంటి దానితో నొక్కి, ఒక్కొక్క లెక్కను వేఱువేఱుగ సరిచేయవలెను. అంతకంటె చిక్కు మఱియొకటి. ఇది నాలుగేండ్ల చుట్టులో ఏ యేటనున్నదో డయలు మీద నెచ్చటను చూపదు. ఎన్నో యేండ్లు ఇనుప పెట్టెలో పడియుండి వెలికి వచ్చిన గడియారము ఏ సంవత్సరమని తలంచుచున్నదో ముఖము చూచి చెప్పుట యసాధ్యము. నెలలను ముందునకు నడిపించుచు, ఏ ఫిబ్రవరికి 29 వచ్చునో కనిపెట్టి, అచ్చట నుండి లెక్క కట్టుకొని రావలెను. ఈ చిక్కు తీర్చుటకు ఒడెమార్ పిగే సంస్థవారు 1955లో ఆరంభించిన 5516 తరగతిలో లీపు సంవత్సరపు గుఱుతును డయలు మీదనే చూపిరి. అట్టివి చేసినవి తొమ్మిది మాత్రమే. పటేక్ ఫిలిప్ వారు 1981లో 3450 తరగతితో అట్టి గుఱుతును తమ చేతి గడియారములలో నుంచిరి.

కావున కోటి ఫ్రాంకుల వెల పెట్టి కొని, భయముచే మూసిపెట్టిన గడియారము నేడేవారమో యెఱుగని గడియారము. అది ధనముగా నుండవచ్చును గాని క్యాలెండరుగా లేదు. శాశ్వతత్వము దాని చక్రములలో లేదు. ప్రతిదినము కీ యిచ్చు వ్రేళ్లలో నున్నది. మన యిండ్లలో తాతలనాటి తాళపత్ర గ్రంథములు పట్టుబట్టలో చుట్టి, పూజలో నుంచి, విప్పి చదువక, చివరకు పురుగుల పాలు చేసిన కుటుంబము లెన్ని లేవు? భద్రపఱచుట వేఱు, నిలువబెట్టుట వేఱు.

ఈ మాట గడియారమునకే గాక విద్యకును వర్తించును. 1969 డిసెంబరులో జపానులో సీకో సంస్థవారు క్వార్ట్జు స్ఫటికముతో నడచు చేతి గడియారమును విపణిలో పెట్టిరి. అది స్విస్ గడియారముల కంటె కచ్చితముగా నడచినది. కొలది యేండ్లలో మిక్కిలి చవుకయు నయ్యెను. 1970 ప్రాంతమున స్విట్జర్లండులో గడియారపు పని చేసి బ్రతుకువారు దాదాపు 90,000. 1985 ప్రాంతమునకు వారు ముప్పదివేలకు కొంచెము మించిరి. ఆ పదునైదేండ్లలో గంట్ల లోతు తెలిసిన చేతులు ఎన్ని వేఱు పనులకు పోయినవో యూహింప వచ్చును. అయినను కొందఱు విడువలేదు. ఒడెమార్ పిగే వారు 1978లో పలుచని స్వయంచాలక శాశ్వత క్యాలెండరు గడియారమును తెచ్చిరి. షాఫ్‌హౌజను పట్టణములోని ఐ.డబ్ల్యు.సి. సంస్థలో కుర్ట్ క్లౌస్ అను శిల్పి 1985లో, అన్ని లెక్కలను గుండీ యొక్కటి త్రిప్పియే సరిచేయదగిన యేర్పాటును సిద్ధపఱచెను. ఆ గడియారము సంవత్సరమును నాలుగంకెలతో చూపును. అందు శతాబ్దపు టంకెలు గల పలక 21తో ముగియును. కావున 2200వ సంవత్సరము తరువాత వాడుకొనుటకై మఱియొక పలకను చిన్న గాజు గొట్టములో నుంచి కొనువానికి గడియారముతో గూడ నిచ్చిరి. 1985లో కొన్నవా డెవడును 2200 చూడడు. ఆ పలకను బిగించు చేయి యింకను పుట్టలేదు. ఐనను దానికై యొకడు పని చేసిపెట్టెను.

ఇప్పుడు 2100 సంగతికి వత్తము. 1518 గడియారములోని చక్రమునకు నాలుగేండ్ల లెక్కయే తెలియును; నాలుగువందల యేండ్ల లెక్క తెలియదు. 2100లో ఫిబ్రవరి 28 గడచిన మఱునాడు లోకమంతటను మార్చి 1వ తేదీ యగును. ఈ గడియారము మాత్రము 29 అని చూపును. శాశ్వతమను పేరు పెట్టిన శిల్పులకు ఈ సంగతి బాగుగా తెలియును. వారు దీనిని దాచలేదు. నూఱేండ్లకో రెండునూఱేండ్లకో ఒక్కమాఱు మనుష్యుడు వచ్చి మీట నొక్కవలెనని చెప్పియే యిచ్చిరి. అప్పుడు నొక్కువా డుండునను నమ్మకముతోనే చేసిరి.

నేడు మన యుయ్యెలలలో నున్న శిశువులకు ఆ నాటికి డెబ్బది యేండ్లు దాటును. వారిలో ఒకరో యిద్దఱో యెచ్చటనో యిట్టి గడియారము నెదుట కూర్చుండి, మీట నొక్కి, తేదీని సరిచేయుట యసంభవము కాదు. అందుకు వారు కోటీశ్వరులు కానక్కఱలేదు, పనివారైనను చాలును. కాని ఆ దినము లెక్క యేల తప్పినదో వారెఱిగి యుండవలెను. పిడికిలి మడచి నెలలు లెక్కించుట నేర్పునప్పుడే, ఈ కథ కూడ వారికి చెప్పుట మంచిదని మేము తలంచుచున్నాము.